జల్లెడ కింద పడినవి

ఈ ఉద్యోగంలోకి రాబోయే పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేవి సాధారణంగా రెండే ప్రశ్నలు. హోటళ్ళవాళ్ళు బెదిరిస్తారా మేడం? పైనుంచి ఒత్తిళ్ళు ఉంటాయా మేడం? బెదిరిస్తారు, ఉంటాయి. రెండింటికీ అలవాటు పడటానికి ఒక ఏడాది చాలు. అలవాటు కానివి వేరే ఉన్నాయి. వాటి గురించి ఎవరూ అడగరు కాబట్టి నేనే ఒకటి చెబుతాను. నా ప్రమోషన్ల సంగతీ ఫైళ్ళ సంగతీ రాయను. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది, రాస్తే నాకూ వస్తుంది.

నా సర్వీసంతా సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మధ్యే గడిచింది. బోర్డు మీద ఆహార భద్రతా అధికారి అని ఉండేది. జనానికి మాత్రం చివరి రోజు దాకా నేను 'కల్తీ మేడం'నే. "కల్తీ మేడం అచ్చింది" అని నా ఎదురుగానే కేకేసి డబ్బాలు లోపలికి తోసేవాళ్ళు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తర్వాత ఆ పేరుతో పిలిస్తేనే వెనక్కి తిరిగి చూసేదాన్ని.

ఊరికే నిలబడే ఆఫీసరు

సిరిసిల్లలో నా మొదటి పై అధికారికి ఒక వింత అలవాటు ఉండేది. ఏ దుకాణానికి వెళ్ళినా, ఏ మిల్లుకు వెళ్ళినా, అరగంట సేపు ఊరికే నిలబడేవాడు. చుట్టూ మరమగ్గాలు టకటకలాడుతుంటే, ఈయన మిఠాయి దుకాణం మూలన చేతులు కట్టుకుని నిలబడి ఉంటే నాకు సిగ్గేసేది.

"శాంపిల్ తీద్దామా సార్?" అంటే, "ఆగమ్మా. ఈడికి ఏం అస్తున్నదో, ఈడికెంచి ఏం పోతున్నదో సూడు. అన్నీ సూసినంకనే సీసా తియ్యి" అనేవాడు.

అది బద్ధకం అనుకున్నాను. ఆయన ఒక దుకాణంలో నిలబడే సమయంలో నేను మూడు దుకాణాలు ముగించగలను అని నలుగురిలో నవ్వాను కూడా. ఆయనలో లోపాలు లేకపోలేదు. కారున్నవాడి మీద ఒక్క కేసు రాయలేదు ఆ మహానుభావుడు. కానీ నిలబడే విషయంలో ఆయనదే రైటు. ఆ సంగతి నాకు సర్వీసు చివరి ఏడాదిలో గానీ తెలియలేదు.

కోరుట్ల గోదాము

ఆ ఏడు ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఫిర్యాదు వచ్చింది. కోరుట్ల నుంచి వచ్చిన జొన్నల్లో ఏవో పిచ్చిగింజలు కలుస్తున్నాయని. షుగరు ఉన్నవాళ్ళంతా జొన్నరొట్టెల మీద పడ్డాక జొన్నకు గిరాకీ పెరిగింది. మేడిపల్లి వైపు పల్లెల నుంచి కొని, శుభ్రం చేసి, లారీలకెత్తే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఆయనను సేటు అనే అందాం.

గోదాములో గుప్పెడు జొన్నలు తీసి అరచేతిలో పరిచాను. మధ్య మధ్యలో చదునుగా, గోధుమరంగులో గింజలు.

"ఇవేంటి సేటూ?"

"మిర్చి గింజలు మేడం. సంచులకు అంటుకొని అస్తయ్."

"అయితే ఒకటి కొరుకు."

ఆయన కొరకలేదు. అవి ఉమ్మెత్త గింజలు, ఒట్టి విషం. పూర్వం కొడవలితో జొన్న కోసేవాళ్ళు, గట్టు మీది ఉమ్మెత్త చెట్టును ముట్టుకోకుండా పక్కనుంచి పోయేవాళ్ళు. హార్వెస్టర్‌కు ఆ తేడా తెలియదు. ఎదురొచ్చిందల్లా మింగి, నూర్చి, ఒక్క కుప్పగా పోస్తుంది.

ఉన్న జల్లెడ, గాలి పంకా చాలవని, ఈ గింజలు కిందికి రాలిపోయేలా రెండో జల్లెడ పెట్టాలని, అప్పటిదాకా లారీ కదలకూడదని నోటీసు ఇచ్చాను. సేటు గొణిగాడు, కానీ పదిరోజుల్లో పెట్టాడు. మళ్ళీ వెళ్ళి శుభ్రమైన సంచుల నుంచి నమూనా తీశాను. ఒక్క గింజ లేదు. పావుగంటలో పని ముగించుకుని వచ్చేశాను. తర్వాత ఒక శిక్షణ తరగతిలో ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఫోటో కూడా దిగాను.

వేసవి పిల్లలు

మే నెలలో ఇద్దరు డిగ్రీ పిల్లలు వచ్చారు. వేసవి సెలవుల్లో రెండు నెలలు ఆహార భద్రత మీద పరిశోధన చేయాలట. ఇలాంటి పరిశోధనల గురించి నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. ఎక్కువమంది పోయినేటి రిపోర్టు తెచ్చి, అట్ట మార్చి, సంతకం పెట్టమంటారు. వీళ్ళూ అంతే అనుకుని, నాకు అడ్డం రాకుండా ఉంటారని ఒక చిన్న పని అప్పగించాను. పల్లెల్లోని పిండి గిర్నీల్లో, ఇళ్ళల్లో జొన్నపిండి నమూనాలు తెచ్చి, అందులో ఇసుక ఎంత, పురుగు ఎంత, ముందు పట్టించినవాళ్ళ పిండి ఎంత మిగులుతున్నదో చూడమన్నాను.

అమ్మాయి ఝాన్సీ, సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగింది కాబట్టి మామూలుగా మాట్లాడినా వీధి చివరకు వినిపిస్తుంది. అబ్బాయి ఇమ్రాన్, కోరుట్ల. వాళ్ళ నాన్నది గిర్ని. ఈ అబ్బాయి నోట్లోంచి మాట రావాలంటే మనం రెండుసార్లు అడగాలి. ఇద్దరూ ఒక పాత స్కూటీ మీద ఆ ఎండల్లో పల్లె పల్లె తిరిగారు.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఝాన్సీ ఫోన్ చేసింది. మొదటిసారి ఆ పిల్ల గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను.

"మేడం, మీరు జర రావాలె. ఈడ ఒకామె బీడీలు చేస్తున్నది."

"చేస్తే ఏమైంది? ఇంటింటికీ చేస్తారు కదా."

"చేతుల ఆకు లేదు మేడం."

లేని ఆకు

అది మేడిపల్లి మండలంలో ఒక పల్లె. ఊరి చివర కూలీల వాడ. జీపు దిగేసరికి ఎండ నెత్తిన ఉంది, కుక్క కూడా బయట లేదు. మూడో ఇంటి గడపలో ఇరవై ఏళ్ళ పిల్ల కూర్చుని ఉంది. పేరు మమత. ఒళ్ళో ఖాళీ చాట.

ఎడమచేత్తో ఆకు పట్టుకున్నట్టు పట్టుకుంది. కుడిచేత్తో తంబాకు తీసి పోసింది. చుట్టింది, కొనను బొటనవేలితో మడిచింది, దారం రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపింది. చాటలో పెట్టి ఇంకో ఆకు తీసుకుంది. ఆకు లేదు, తంబాకు లేదు, దారం లేదు. దారం తెంపిన ప్రతిసారీ ఆమె వేలు మాత్రం నిజంగా కోసుకున్నట్టు వెనక్కి లాగుకునేది. ఇరవై అయిదు కాగానే కట్ట కట్టి, ఎవరికో అందిస్తున్నట్టు గుమ్మం వైపు చేయి చాచింది. అక్కడ మాకెవరూ కనిపించలేదు. ఆమె మాత్రం, ఆ ఎవరో తీసుకున్నాక గానీ చేయి దించలేదు.

నాకు భయం వేసింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను. వెనక్కి వెళ్ళి జీపులో కూర్చుందామా అనిపించింది.

అత్త రాజవ్వ లోపలినుంచి వచ్చింది. మమత భర్త దుబాయిలో కూలి. ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్ళు, తొమ్మిది నెలల ఆడపిల్ల.

"గాలి సోకిందమ్మా. లచ్చవ్వ గాలి," అంది రాజవ్వ. "నెల కింద పక్కింటి లచ్చవ్వ సచ్చిపోయింది. పట్టపగలు చీర ఇడిసేసి, నీళ్ళు కాగుతున్నయ్, నీళ్ళు కాగుతున్నయ్ అనుకుంట ఊరవతలి చెల్కలకు ఉరికింది. ఎండదెబ్బ అన్నరు. గప్పటిసంది వాడల ముగ్గురికి గిట్లనే అయితున్నది. ముగ్గురు లచ్చవ్వతోనే మాట్లాడుతున్నరు. పాస్టరయ్య అచ్చి ప్రార్థన జేసిండు, తగ్గలే. రేపు కొండగట్టు గుడికి తీస్కపోతం."

మమత తల ఎత్తకుండానే, "లచ్చవ్వ జల్లెడ పడుతున్నది. చెవులు పగులుతున్నయ్. ఆపుమనుండ్రి," అంది. మాట్లాడుతున్నా చేతులు ఆగలేదు.

మేమంతా ఒక్క క్షణం విన్నాం. ఏ చప్పుడూ లేదు.

ఇమ్రాన్ అప్పటిదాకా తొట్టెల వైపు చూస్తున్నాడు. "అవ్వా, పాప ఏడుస్తలేదేంది?" అని అడిగాడు.

"పొద్దటిసంది గిట్లనే పండుకున్నది. తల్లి దగ్గరికి పోనిస్తలేం. గాలి పాలల్ల దిగుతదట. జొన్నజావ తాపుతున్న, సలువ జేస్తదని."

ఝాన్సీ పాపను ఎత్తుకుని గుమ్మం వెలుగులోకి తెచ్చింది. పాప ఒళ్ళు కాలిపోతోంది, చెమట చుక్క లేదు. ముఖం ఎర్రగా, పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉంది. ఎండ నేరుగా ముఖాన పడ్డా ఆ కళ్ళు మూతపడలేదు, కంటిపాప చిన్నది కాలేదు. కంట్లో నలుపు తప్ప వేరే రంగే లేదు. చిట్టి వేళ్ళతో గాలిలోంచి ఏదో ఏరుకుంటోంది, ఏరి తన గుప్పిట్లో దాచుకుంటోంది. తల్లి చేతులెలా కదులుతున్నాయో పాప చేతులూ అలాగే కదులుతున్నాయి.

పిండి డబ్బాలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఇది మా వృత్తిలో ఉన్న దురలవాటు, పాతకాలపు వాళ్ళందరికీ ఉంటుంది. మీరు మాత్రం చచ్చినా చేయకండి. చిరుచేదు తగిలింది. ఈలోపు ఝాన్సీ మూలనున్న నూకల సంచి విప్పి, నాలుగు గుప్పిళ్ళు కాగితం మీద పోసి చెరిగింది. జొన్న నూకల మధ్య నుంచి చదునైన గోధుమరంగు గింజలు ఒక పక్కకు చేరాయి. కొన్ని కాదు, గుప్పెడు.

"మిర్చి గింజలు బిడ్డా," అంది రాజవ్వ.

"కాదవ్వా, ఉమ్మెత్త. పాపను ఇప్పుడే దవాఖానకు తీస్కపోవాలె," అంది ఝాన్సీ.

రాజవ్వ పాపను లాక్కుని గుండెకు అదుముకుంది. "దవాఖానల గాలికి మందు లేదు. రేపు కొండగట్టు పోతం, నేను మొక్కిన."

నేను ఆఫీసరు గొంతుతో ఏదో మొదలుపెట్టాను. చట్టం, కేసు అని. ఆ మాటలు ఆ గుమ్మంలో ఎవరికీ అక్కరలేదు. ఝాన్సీ నన్ను పక్కకు జరిపి, రాజవ్వ ముందు నేల మీద కూర్చుంది.

"అవ్వా, లచ్చవ్వ గా దినం ఏం తిన్నది?"

"ఏం తింటది? ఎండల పడి అచ్చింది. నాలుక ఎండిపోతుందంటే గీ నూకల అంబలే పోసిన."

"తాగినంక?"

"ఇంకా మండుతుందన్నది. ఇంకో చెంబు..."

రాజవ్వ ఆగిపోయింది. సంచి వైపు చూసింది, పాప పెదవుల మీద ఆరిపోయిన జావ వైపు చూసింది. తర్వాత ఎవరూ ఏమీ అడగకుండానే లేచి, పాపను ఝాన్సీ చేతుల్లో పెట్టింది.

జీపులో వెనక సీట్లో మమత బీడీలు చుడుతూనే ఉంది. చాట ఇంటి దగ్గర వదిలేశాం. చుట్టినవి ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుపు మొదలుపెట్టింది. పక్కనున్న ఇమ్రాన్ రెండు చేతులూ దోసిలి పట్టాడు. జగిత్యాల చేరేదాకా ఆమె ఒక్కొక్కటే ఆ దోసిట్లో పెడుతూనే ఉంది, అతను చేతులు దించలేదు. మాట్లాడని ఆ అబ్బాయి ఆ రోజు చేసింది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

డాక్టరు గింజలు చూడగానే ఇంకేమీ అడగలేదు. పాప బతుకుతుందో లేదో మర్నాటి వరకు చెప్పలేనన్నాడు.

అరగంట

రాజవ్వ ఆసుపత్రి వరండాలో కూర్చుని చెప్పింది. ఆమె, బతికున్నప్పుడు లచ్చవ్వ, వాడలోని మరికొందరు ఆడవాళ్ళూ కోరుట్లలో సేటు గోదాముకు కూలికి పోతారు. జల్లెడ కింద పడిన నూకలు కూలితో పాటు ఇంటికి తెచ్చుకుంటారు. ఎండాకాలమంతా ఆ నూకలతోనే గట్క, అంబలి.

ఏ జల్లెడ అని నేను అడగలేదు. ఝాన్సీని తీసుకుని నేరుగా కోరుట్లకు వెళ్ళాను.

కరెంటు లేదు. గోదాము లోపల యంత్రం ఆగి ఉంది. సేటు కుర్చీ వేయబోయాడు, వద్దన్నాను. సర్వీసు మొత్తంలో మొదటిసారి, ఏమీ మాట్లాడకుండా మూలన నిలబడ్డాను. సంచులు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి. మొదటి జల్లెడ, పంకా, రెండో జల్లెడ. శుభ్రమైన జొన్న లారీ వైపు. రెండో జల్లెడ కింద ఒక గుంత, గుంత పక్కన చిన్న చిన్న సంచులు, మూతికి రంగు రంగుల చీరపేలికలు కట్టి. ఎవరి సంచి ఎవరిదో గుర్తుకోసం.

అప్పుడు వినిపించింది నాకు. జల్లెడ చప్పుడు. సర్... సర్... అని నెమ్మదిగా, చేత్తో పడుతున్న చప్పుడు. గుంత పక్కన చీకట్లో ఒక ముసలావిడ బాసింపట్టు వేసుకుని కూర్చుని జల్లిస్తోంది. ముఖం కనబడలేదు. జల్లించి, కింద పడినదాన్ని దోసిట్లోకి ఎత్తి, నాకిస్తున్నట్టు చేయి చాచింది.

"ఎవరా అవ్వ?" అని అడిగాను.

"ఎవలు మేడం? కూలోళ్ళంత బువ్వకు పోయిండ్రు," అన్నాడు సేటు.

ఝాన్సీ నా ముఖంలోకి చూస్తోంది. అక్కడెవరూ లేరని ఆ చూపులోనే తెలిసింది. నా నోరు పిడచకట్టుకుపోయి ఉంది. గోడమీద అంటించిన నా నోటీసు చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. సంతకం మాత్రం నాదే అని తెలుస్తోంది. చిటికెడు పిండికి అంత జరుగుతుందా అని తర్వాత డాక్టరును అడిగితే, జరగదనే అనుకుంటున్నానని అన్నాడు. నేను మాత్రం ఆ చిటికెడు వల్లనే అని చెప్పుకుంటాను. చెప్పుకోకపోతే పడుకోలేను.

సేటు తప్పించుకోలేదు, అది ఒప్పుకోవాలి. "మీరు పెట్టుమన్న జల్లెడనే మేడం. కింద పడ్డవి సుత తినే గింజలే గదా, పారబోస్తే పాపం. ఆడోళ్ళు అడిగిండ్రు, ఇచ్చిన," అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇచ్చిన చేతిలో చెడ్డ బుద్ధి కూడా లేదు.

ఇక్కడే మీరు ఆగి ఆలోచించండి. అంతకుముందు ఆ గింజలు లారీ నిండా చెదిరి ఉండేవి. ఎవరి రొట్టెలోనూ నాలుగు పడేవి కావు. నా జల్లెడ వాటన్నిటినీ ఏరి ఒక్క గుంతలోకి చేర్చింది. ఆ గుంత నుంచి అవి మేడిపల్లి మండలంలోని ఒక వాడకు చేరాయి. సంచిలో అన్నిచోట్లా సమంగా ఉండవు కాబట్టి ఒకరోజు గట్క తిన్నా ఏమీ కాదు, ఇంకోరోజు ఒక్క ముంతకే మనిషి మనిషి కాకుండా పోతుంది. అందుకే ఎవరూ తిండిని అనుమానించలేదు. పైగా ఒళ్ళు మండుతోందంటే చలవకని అదే అంబలి ఇంకాస్త పోశారు. నేను శుభ్రమైన సంచులనే పరీక్షించాను. కింద పడినవి ఎటు పోతాయని అడగలేదు.

ఆ సాయంత్రమే వాడలో గాలి సోకిందన్న మిగతా ఇద్దరినీ దవాఖానకు పంపి, ప్రతి ఇంటి నూకలూ పిండీ మేమే మోసుకొచ్చి సీలు వేశాం. వాటికి బదులు బియ్యం, జొన్నలు సేటుతోనే పంపించాను.

మూడో రోజు ఉదయం పాప పాలకోసం ఏడ్చింది. వార్డంతా వినిపించేలా ఏడ్చింది. మమతకు తెలివి వచ్చింది, ఏమీ గుర్తు లేదు. నా చాట ఏదీ అని అడిగిందట. రాజవ్వ పాపను తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో పెట్టి, బయటికి వచ్చి గోడకు తల ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉద్యోగంలో ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు.

ఎవరు పెట్టమన్నారు

పిల్లలిద్దరూ రిపోర్టు రాశారు. అట్ట మార్చిన రిపోర్టు కాదు. చివరి పేజీ దగ్గర ఝాన్సీ నా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది.

"మేడం, రెండో జల్లెడ ఎవలు పెట్టుమన్నరో రాయాల్నా?"

వెంటనే రాయమన్నానని చెప్పుకోవాలని ఉంది. అనలేదు. రేపు చూద్దామన్నాను. రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. ఆ పేరు లేకపోయినా రిపోర్టులో ఏ లెక్కా తప్పదు. ఆ రాత్రి నాతో నేను చేసిన వాదనలన్నీ మీరూ ఒకరోజు చేసుకుంటారు, కాబట్టి ఇక్కడ రాయను. పొద్దున్నే ఝాన్సీకి ఫోన్ చేసి, పేరుతో సహా రాయి, కానీ ఆ కాగితం ఎవరికైనా చేరేముందు వాడకు నేను వెళ్ళి చెప్పాలి అన్నాను.

ఆ మాట చెప్పాలని వెళ్ళేసరికి రాజవ్వ ఇంటి ముందు నీడలో ఆడవాళ్ళు బీడీలు చేస్తున్నారు. ఈసారి చేతుల్లో ఆకు ఉంది. మమత ఒళ్ళో పాప ఉంది. నేను కుర్చీ వద్దని కింద కూర్చున్నాను. లచ్చవ్వ ఎండదెబ్బకు చనిపోలేదని, ఆ గింజలు ఆ సంచుల్లోకి చేరడానికి కారణం సేటు కాదని, ఆ జల్లెడ పెట్టించింది నేనని చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టించుకోవడానికే వెళ్ళాను.

ఎవరూ తిట్టలేదు. రాజవ్వ చేతిలోని ఆకు చాటలో పెట్టింది.

"నువ్వేనా గా ఆఫీసరమ్మవు?" అంది. "గా జల్లెడ పెట్టినంక మాకు నూకలు రెండింతలు అచ్చినయ్ మేడం. ఎండకాలం గండం గడిసింది అనుకున్నం. లచ్చవ్వ అయితే రోజు అంబలి తాగుకుంట, ఎవలో ఆఫీసరమ్మ పెట్టిచ్చిందట, ఆమె కడుపు సల్లగుండ అనేది."